తుమ్మలగొందిలో ఆ జబ్బు లేదు

కాన్సర్ రాకుండా ఉండాలంటే చేయాల్సిన పని ఒక్కటే. పరువు కాపాడుకోవడం!

నవ్వకండి. పొగాకు మానండి, ముప్పై దాటాక పరీక్షలు చేయించుకోండి, ఒంట్లో గడ్డ కనిపిస్తే దాచుకోకండి అని డాక్టర్లు ఊరూరా మైకులు పట్టుకుని గొంతు చించుకుంటున్నారే, అదంతా పరువు లేనివాళ్ల కోసం. ముదిగుబ్బ నుంచి లోపలికి పోతే, ఎర్రనేలల మధ్య తుమ్మలగొంది అనే ఊరు వస్తుంది. ఆ ఊళ్లో ఆ జబ్బు ఒక్కరికీ లేదు. ఎందుకు లేదంటారా? ఒక్కరూ పరీక్ష చేయించుకోలేదు గనుక!

మరి ఆ ఊళ్లో మనుషులు చచ్చిపోరా? ఎందుకు పోరు! ఒకాయన దిగులుతో పోయాడు. గొంతులో ముద్ద దిగక, కొన్నాళ్లకు నీళ్లూ దిగక, ఎండుకట్టెలా మారి, పాపం చాలాకాలం దిగులుపడ్డాడు. ఒకామె చెడుగాలి సోకి పోయింది. ఆ గాలి ఎటునుంచి వీచిందో గానీ, ముట్లు నిలిచిపోయిన మనిషికి మళ్లీ రక్తం పోతూనే ఉండింది. ఇంకొకాయనకు నాలుక మీద పుండు లేచింది. ముందు పన్ను గీసుకుందన్నారు, తర్వాత దిష్టి తగిలిందన్నారు, ఆ తర్వాత దినం భోజనాలు పెట్టారు.

ఆ జబ్బు పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. పేరు పలికితే ఇంట్లోకి వస్తుంది, పలక్కపోతే గడప దాటదు. దీన్ని మించిన టీకా ఏ దేశంలో ఉంది?

ఈ టీకాకు ఊళ్లో పెద్ద దిక్కు బయ్యన్న. మాజీ సర్పంచి. మాజీ అయ్యాడన్న సంగతి ఆయనకు గానీ ఊరికి గానీ ఇంకా గుర్తుకు రాలేదు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, ఎడమ దవడలో సున్నం రాసిన పొగాకు ముద్ద. మీసం రాకముందు దవడకు చేరిన ఆ ముద్ద, తిండికీ నిద్రకూ తప్ప ఇప్పటిదాకా చోటు ఖాళీ చేయలేదు.

బయ్యన్న అజ్ఞాని అనుకుంటే పొరపాటు. పరీక్షల విలువ ఆయనకు బాగా తెలుసు. బోరు వేయాలంటే అరచేతిలో టెంకాయ పట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని ఎర్రటి ఎండలో పొలమంతా తిరుగుతాడు, భూమి అడుగున ఏముందో ముందే తెలుసుకోవాలని. సంతలో పొట్టేలును బేరమాడే ముందు దాని నోరు విప్పి పళ్లు, చిగుళ్లు, నాలుక కింద కూడా చూస్తాడు. చూడకుండా కొనేవాడు ఎడ్డివాడంటాడు. మరి సొంత దవడ? దాన్నెవరైనా సంతలో అమ్ముతారా!

అలాంటి ఊరికి ఒక శ్రావణమాసం పొద్దున, వేరుశనగ, వాళ్ల మాటలో చెనిక్కాయ, విత్తిన మూడు వారాలకు, ఒక తెల్ల బండి వచ్చింది. దాని ఒంటి మీద నిలువెత్తు అక్షరాలతో ‘ఉచిత కాన్సర్ పరీక్షలు’ అని రాసి ఉంది. ఆరోగ్య కేంద్రం నర్సు అంజలి దిగి, బండిని ఎక్కడ నిలబెట్టాలో అడగడానికి మర్యాదగా బయ్యన్న ఇంటికే వచ్చింది.

బయ్యన్న ఆ అక్షరాలు చదివాడు. ఆయనకు ముందు గుర్తొచ్చింది కొడుకు శశికుమార్. హిందూపురం నుంచి మంచి సంబంధం వచ్చింది. పిల్ల తరఫువాళ్లు మరుసటి రోజే ఇల్లు చూడడానికి వస్తున్నారు. వీధిలో ఈ బండి!

“ఏమ్మా, ఇంతింత అచ్చరాలతో రాసుకోని వచ్చినావే! ఇది ఈడ నిలబడితే మా ఊరికి పిల్లనెవరిస్తారు?”

“పరీక్ష అంతే అన్నా. అందరికీ నోరు చూస్తారు. ఆడోళ్లకు రొమ్ము, గర్భసంచి చూస్తారు. పావుగంట పని. ఏమన్నా ఉంటే ముందే తెలుస్తాది.”

“ముందే తెలుసుకోని ఏం చేస్తారమ్మా? ముందే ఏడుస్తారు!”

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నవ్వేసరికి బయ్యన్నకు ఊపొచ్చింది. “మండలంలో వాన కొలిచే మిషన్ పెట్టిన కాణ్నుంచే గదా మనకు వానలు తక్కువని తెలిసింది? అది పెట్టకముందు ఎవురికన్నా తెలుసా? కొలిస్తేనే కరువు. చూస్తేనే రోగం. మా ఊళ్లో అట్లాంటివి లేవు. పక్కూరికి పోండి. ఆడ ఉంటాయి.”

ఇంత శాస్త్రీయమైన వాదనకు నర్సు దగ్గర జవాబేముంటుంది? ‘అన్నా, ఒక్క పూట’ అని బతిమాలింది. బయ్యన్న తువ్వాలు దులిపాడు. బండి వెనక్కి తిరిగింది.

అది తిరుగుతుంటే సుంకమ్మ పరుగున వచ్చింది. బయ్యన్న చేలల్లో కూలికి వచ్చే మనిషి. మొగుడు నల్లప్ప గొర్రెలు కాస్తాడు. కలుపు తీస్తూ తీస్తూ వచ్చినట్టుంది, చేతులనిండా మట్టి.

“అన్నా, ఆ బండిలో నేనొగసారి చూపించుకుంటా.”

“ఏం నీకు?”

సుంకమ్మ పైట సర్దుకుంది. “ఒగ గడ్డ మాదిరి ఉండాది.”

ఎక్కడ అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. మర్యాద గల ఊరు కదా!

“నొప్పి పెడతాందా?”

“లేదన్నా. నొప్పేం లేదు.”

“నొప్పి లేకుంటే రోగమెట్లయితాది? పో, పని చూసుకో.”

పెద్దమనిషి మాట. సుంకమ్మ మనసు తేలికపడింది. చేతులు దులుపుకుని చేనికి పోయింది.

మరుసటి రోజు హిందూపురం వాళ్లు వచ్చారు, ఇల్లు చూశారు, ఓళిగలు తిన్నారు. పిల్ల తల్లి చెన్నమ్మ తిరుగుప్రయాణంలో కారెక్కుతూ, “మీ ఊరు శానా నెమ్మదిగా ఉండాదప్పా. ఏ రోగమూ రొష్టూ లేని ఊరంట గదా!” అంది. బయ్యన్న ఛాతీ ఉబ్బింది. ఒక పూట బండిని తరిమినందుకు ఇంత ఫలితం!

అయితే ఇంట్లో ఒక మనిషి ఆ బండి వెనక్కి తిరగడం కిటికీలోంచి చూసింది. ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ. నెల తిరిగాక ఒకనాడు, “కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుండాది. పొయ్యొస్తా” అంది.

బయ్యన్న తలూపాడు. దేవుడి విషయంలో ఆయన అడ్డు చెప్పడు. ఆమె తొలి బస్సుకే పోయింది. ఆయన టీ తాగి, దవడలో ముద్ద సర్దుకుని, అరుగు మీద కూర్చున్నాక గానీ తట్టలేదు. ఆ రోజు బుధవారం! శనివారం పోతారు, మంగళవారం పోతారు. బుధవారం ఆంజనేయస్వామితో పనేముంది?

అంతలో ఫోన్ మోగింది. బోరు మోటరు బాగుచేయించడానికి అనంతపురం పోయిన ఊరివాడు ఎర్రన్న.

“అన్నా, వదినకు ఏమన్నా బాగలేదా? ఆస్పత్రి గేటు లోపలికి పోతాంటే చూసినా. కొంగు మొగానికి అడ్డం పెట్టుకోనుండాది.”

ఆస్పత్రా! కొంగు అడ్డమా! బయ్యన్న అరుగు మీంచి లేచిన పద్ధతికి కోళ్లు చెదిరిపోయాయి. మోటారుసైకిలు మీద ముదిగుబ్బ, అక్కడినుంచి బస్సు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా అనుకున్నాడు. ఏమయింది దీనికి? ఎందుకు చెప్పలేదు? నాకు చెప్పకుండా ఆస్పత్రికి పోయేంత ధైర్యం ఎప్పుడొచ్చింది? బత్తలపల్లి దాటాక కోపం తగ్గింది. ఆ ఖాళీలోకి భయం వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మంచం పట్టిన రోజు ఒక్కటీ ఆయనకు గుర్తుకు రాలేదు. పట్టలేదో, తనే చూడలేదో ఇప్పుడు తేల్చుకోవడం కష్టం.

ఆస్పత్రిలో ఆడవాళ్ల పరీక్షల గది ముందు పొడవాటి హాలు. ఆ పరీక్షలు బుధవారం మాత్రమే గనుక బల్లల మీద వరసగా ఆడవాళ్లు. అందరి కొంగులూ ముఖాలకు అడ్డమే. బయ్యన్న గుమ్మంలో నిలబడి గసపెడుతూ చూశాడు. చూసేకొద్దీ ఆయనకు ఒక విచిత్రం అర్థమైంది. ఆ కొంగులన్నీ తెలిసిన కొంగులే!

ఆ మూల కూర్చున్నది ఎర్రన్న పెళ్లాం. ధర్మవరంలో చీరలు చూసొస్తానని బయల్దేరిందట. పాపం ఎర్రన్న వదినను చూశాడు గానీ నాలుగడుగుల వెనక నడిచిన సొంత పెళ్లాన్ని గుర్తుపట్టలేదు. ఆమె పక్కన కిరాణం కొట్టామె. కదిరి నరసింహస్వామి దర్శనానికని పోయింది. ఆ పక్కన పాల కేంద్రం ఆమె, అక్క కూతురి సీమంతానికని చెప్పి వచ్చింది. తుమ్మలగొంది నుంచి ఎవరికి వారు, ఎవరికీ తెలియకుండా, వేరువేరు దేవుళ్ల పేర్లు చెప్పుకుని, ఒకే బల్ల మీదికి చేరుకున్నారు. ఊళ్లో బండి నిలబడి ఉంటే అందరూ ఇంటిముందే పని ముగించుకునేవాళ్లు. పరువు పుణ్యమా అని ఆర్టీసీ నాలుగు డబ్బులు చూసింది. దేశానికి ఎంత మేలు!

ఇంతటితో అయిపోలేదు. బల్ల చివర పట్టుచీర కొంగులోంచి రెండు కళ్లు బయ్యన్నను చూసి బెదిరిపోయాయి. హిందూపురం చెన్నమ్మ! కాబోయే వియ్యపురాలు! హిందూపురంలో చూపించుకుంటే హిందూపురమంతా తెలుస్తుందని ఇంత దూరం వచ్చింది.

“మా... మా ఆడబిడ్డకు తోడొచ్చినాను” అందామె. ఆడబిడ్డ ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

హాలంతా బయ్యన్న వైపు తిరిగింది. ఆడవాళ్ల పరీక్షల గది ముందు మాజీ సర్పంచికి ఏం పని? ఆయన నోరు తెరిచాడు. అప్పుడు వెంకటలక్ష్మమ్మ కొంగు దించి, తాపీగా లేచి నిలబడింది.

“మా ఇంటాయప్ప నోరు చూపించుకోవల్ల. శానా దినాల నుంచి అనుకుంటాండాడు. అందుకే నేను ముందొచ్చి చీటీ రాయించినా.”

బయ్యన్న బుర్ర చకచకా లెక్కేసింది. కాదంటే? వెంకటలక్ష్మమ్మ తన కోసమే వచ్చిందని వియ్యపురాలికి తెలిసిపోతుంది. బయ్యన్న పెళ్లాం ‘ఆ పరీక్ష’కు వచ్చిందని హిందూపురం దాకా పాకుతుంది. ఔనంటే? నోరే కదా! నోరు గౌరవనీయమైన అవయవం. పదవిలో ఉన్నన్నాళ్లూ ఆయన పనంతా దానితోనే చేశాడు.

“ఔను” అన్నాడు బయ్యన్న. “నోరు చూపించుకోవల్ల.”

పెళ్లాం ఆయన చెయ్యి పట్టుకుని ఎదురుగా నోరు చూసే గదిలోకి తీసుకుపోయింది. గుమ్మం దాటగానే ఆయన పళ్లు కొరికాడు. “ఏమే, నా పరువు...”

“పరువు బయట ఉండాది. ఈడ నోరు తెరువు” అందామె.

కుర్చీ వెనక్కి వాలింది. ముఖం మీద లైటు పడింది. డాక్టరమ్మ వయసు ఆయన కొడుకు వయసుంటుంది. దవడలోని ముద్ద ఊసి రమ్మంది. ఊసి వచ్చాడు. “బాగా తెరవండి. ఇంకా” అంది. చిగుళ్లు చూసింది, నాలుక పక్కకు లాగింది, కింద చూసింది. బయ్యన్నకు సంతలో పొట్టేళ్లు గుర్తొచ్చాయి. అవి ఎందుకు తల విదిలిస్తాయో ఇన్నాళ్లకు తెలిసింది. డాక్టరమ్మ వేలు ఎడమ దవడ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“ఈ తెల్లమచ్చ ఎప్పటినుంచి ఉంది?”

“సున్నం అంటుకోనుంటాది మేడమ్.”

ఆమె దూదితో గట్టిగా తుడిచింది. మచ్చ పోలేదు. ఇంకోసారి తుడిచింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

“చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిద్దాం. భయపడకండి.”

భయపడకండి అన్న మాట విన్నాక భయపడకుండా ఉన్న మనిషిని మీరెక్కడైనా చూశారా?

వెంకటలక్ష్మమ్మకూ ఆ రోజే పరీక్షలయ్యాయి. కొద్దిరోజుల్లో ఫలితం వచ్చింది. ఏమీ లేదు, ఐదేళ్ల తర్వాత మళ్లీ రమ్మన్నారు. బయ్యన్న ఫలితం రావడానికి ఇంకాస్త సమయం పట్టింది. ఆ రోజులు ఆయన జన్మలో మరిచిపోడు. నాలుక ఊరికే ఆ చోటికి పోయేది. ముద్ద లేని దవడ పరాయివాడి దవడలా ఉండేది. చేలో నిలబడి ఎదిగిన చెనిక్కాయ చెట్లను చూస్తూ, వీటిని పీకేటప్పటికి తనుంటాడా అనుకున్నాడు. దిగులుతో పోయినాయన, దిష్టి తగిలినాయన వరసగా గుర్తొచ్చారు. దిష్టి తగిలినాయనతో కలిసి ఈయన ఒకే సంచిలోంచి పొగాకు తీసుకునేవాడు.

ఒకనాడు పెళ్లాంతో అన్నాడు. “నాకేమన్నా అయితే పెండ్లి ఆపొద్దు. ఆ జబ్బని మాత్రం ఎవురికీ చెప్పొద్దు.”

“చచ్చేటప్పుడు కూడా అదేనా?” అందామె. అని, తిరిగి చూడకుండా లోపలికి పోయింది. లోపలినుంచి గిన్నెల చప్పుడు వినిపించింది.

ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కాగితం చదివి తలెత్తింది. “అదృష్టవంతులు. ఇది ఇంకా కాన్సర్ కాలేదు. అయ్యే దారిలో ఉంది. బస్సెక్కింది గానీ దిగాల్సిన ఊరు రాలేదు. మచ్చను కోసి తీసేస్తాం. పొగాకు జన్మలో ముట్టకూడదు. పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే మనం వేరే మాటలు మాట్లాడుకునేవాళ్లం.”

మచ్చ కోశారు. కుట్లు వేశారు. దవడ వాచింది. తెల్ల తువ్వాలు ముఖానికి చుట్టుకుని బయ్యన్న ఊళ్లో దిగాడు.

ఇక్కడే అసలు విజ్ఞానం మొదలవుతుంది, కాస్త శ్రద్ధగా వినండి. ముందే చూపించుకుంటే మనిషి బతుకుతాడని తుమ్మలగొందిలో సొంత దవడ మీద రుజువు చేసుకున్న మొదటి మగవాడు బయ్యన్న. ఆ మగవాడు అరుగు మీద కూర్చుని ఊరికి ఏం చెప్పాడు?

“పన్ను పీకించుకున్నా.”

ఊరు నమ్మింది. నమ్మనివాళ్లు బల్ల మీద కొంగు చాటున కూర్చున్న ఆడవాళ్లు. వాళ్లూ నమ్మినట్టే ఉన్నారు. వాళ్ల ధర్మవరం చీరల సంగతి, కదిరి దర్శనం సంగతి ఆయన కూడా నమ్మాడు కదా! ఇచ్చిపుచ్చుకోవడం. తుమ్మలగొందిలో ఆ జబ్బు మళ్లీ లేకుండా పోయింది.

చెనిక్కాయ పీకే రోజులొచ్చాయి. కళ్లంలో కూలీలు కూర్చుని చెట్ల నుంచి కాయలు తెంపుతున్నారు. బయ్యన్న ముఖానికి తువ్వాలుతోనే వచ్చి నిలబడ్డాడు. సుంకమ్మ తలెత్తి చూసింది.

“పన్ను బాగయిందా అన్నా? ఏ డాక్టరు దగ్గరికి పోయినావు?”

“ఎందుకు మే?”

“నాకూ ఒగసారి చూపించుకోవల్లని ఉండాది. అది కొంచెం పెద్దదయినట్లుండాది. నొప్పి మాత్రం లేదు. నువ్వు చెప్పినట్లే.”

నువ్వు చెప్పినట్లే! బయ్యన్న నోరు తెరిచాడు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అనంతపురంలో ఫలానా ఆస్పత్రి, ఫలానా డాక్టరమ్మ, రేపే పో, నేనే బస్సెక్కిస్తా. చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. కానీ కళ్లంలో పది చెవులున్నాయి. కొడుకు పెండ్లి ఇంకా కాలేదు. బయ్యన్నకు కాన్సర్ డాక్టరు తెలుసంటే, ఎట్లా తెలుసని అడగరా?

“నాది పంటి డాక్టరు మే” అన్నాడు. “ఆమె గడ్డలు చూడదు.”

సుంకమ్మ మళ్లీ చెట్టు చేతికి తీసుకుంది.

మరి తతిమ్మా ఆడవాళ్లలా ఆమె కూడా ఒక దేవుడి పేరు చెప్పి పోవచ్చు కదా అంటారేమో. అబద్ధం చెప్పాలన్నా స్థోమత ఉండాలండీ! బస్సు చార్జీ ఉండాలి. కూలి పోగొట్టుకోగలగాలి. ఆ రోజు మొగుడికి సంగటి కెలికిపెట్టే ఇంకో మనిషి ఉండాలి. ఏ తోడూ లేకుండా అంత పెద్ద ఆస్పత్రిలో ఏ గదికి పోవాలో అడగడానికి నోరుండాలి. ఇవన్నీ ఉన్నవాళ్లకే కసాపురం దేవుడు పలుకుతాడు. లేనివాళ్లకు ఊళ్లోకి వచ్చిన బండి ఒక్కటే దిక్కు.

మాఘమాసంలో శశికుమార్ పెండ్లి జరిగింది. వియ్యపురాలు చెన్నమ్మ, బయ్యన్న ఎదురెదురుగా కూర్చుని తాంబూలాలు మార్చుకున్నారు. ఆమె ఆడబిడ్డ ఎలా ఉందని ఆయన అడగలేదు, ఆయన పన్ను ఎలా ఉందని ఆమె అడగలేదు. రెండు కుటుంబాల మధ్య అంతటి నమ్మకం ఎక్కడా చూడం!

పెండ్లి అయిపోయిందా, బయ్యన్నకు జ్ఞానోదయమైంది! ఉగాది దాటాక తనే నర్సు అంజలికి ఫోన్ చేసి, “బండిని పిలిపించమ్మా, మా ఇంటి ముందరే పెడదాం” అన్నాడు. పరువుకు ముప్పు లేనప్పుడు ఆదర్శాలు ఎంత సులువుగా వస్తాయో గమనించారా? షామియానా వేశారు. ఫ్లెక్సీ కట్టారు. అందులో బండి బొమ్మ చిన్నది, బయ్యన్న బొమ్మ పెద్దది. ఆయన రిబ్బన్ కత్తిరించి మైకు అందుకున్నాడు.

“ముందే కనుక్కుంటే ఏ జబ్బూ మనల్ని ఏమీ చెయ్యలేదప్పా! దాచుకోవద్దండి! సిగ్గుపడొద్దండి!”

చప్పట్లు కొట్టారు. ఆ మాట ఆయనకెలా తెలుసో మాత్రం చెప్పలేదు. షామియానా అంచున వెంకటలక్ష్మమ్మ నిలబడి, చప్పట్లు కొట్టకుండా ఆయన ఎడమ దవడ వైపే చూసింది.

సుంకమ్మ అందరికంటే ముందు వరసలో నిలబడింది. ఆ రోజు పని మానుకుని, తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. బండెక్కింది. చాలాసేపు దిగలేదు. తర్వాత అంజలి దిగింది. ఫ్లెక్సీ కింద కూర్చున్న బయ్యన్న దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది.

“అన్నా, సుంకమ్మను రేపే అనంతపురం తీసకపోవల్ల. రొమ్ములో గడ్డ. చంకలోకి కూడా పాకినట్లుంది.”

గడ్డ ఎక్కడో బయ్యన్నకు అప్పుడు తెలిసింది.

ఆయనే కారు పెట్టాడు. ఆయనే ఆస్పత్రిలో చేర్పించాడు. పరీక్షల మీద పరీక్షలు జరిగాయి. ముందు మందులెక్కించాలన్నారు, తర్వాత ఆపరేషన్ అన్నారు, ఆ తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు. గట్టిగా పోరాడదామన్నారు. బస్సూ ఊరూ అని పోలికలు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మందు ఎక్కించిన రెండోసారి బయ్యన్న, వెంకటలక్ష్మమ్మ చూడడానికి పోయారు. సుంకమ్మ తలకు గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుంది. నల్లప్ప కింద గోడకు ఆనుకుని ఉన్నాడు. గొర్రెలను ఎవరికి అప్పగించి వచ్చాడో అడిగే ధైర్యం బయ్యన్నకు లేకపోయింది.

“ఎట్లుండాది మే?”

“ఉండాన్నా. అన్నం వాసన పడటం లేదు. అంతే.” సుంకమ్మ కాస్త ఆగి, మామూలుగా ఊరి కబురు చెప్పినట్టు చెప్పింది. “డాక్టరమ్మ అడిగిందన్నా, ఇంతకాలం ఎందుకు రాలేదమ్మా అని. మొదట్లోనే వచ్చింటే చిన్నదే, శానా సులువుగా పొయ్యేదంట. మా ఊరికి బండే రాలేదని చెప్పినా.”

బయ్యన్న మంచం కమ్మీ పట్టుకున్నాడు.

“నీ పేరు చెప్పలేదులే అన్నా. పెద్దమనిషివి. ఆస్పత్రిలో నీ పేరు ఎక్కితే పరువేముంటాది?”

వెంకటలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. బయ్యన్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

“నా పేరే చెప్పు సుంకమ్మా. నేనే బండిని తరిమినానని చెప్పు. నాది పన్ను కాదు, నాకూ ఇదే రాబోయిందని, ఈడికొచ్చే బతికినానని, నీకు చెప్పకుండా దాచిపెట్టినానని చెప్పు. పిలుచుకోని వస్తా డాక్టరమ్మను. నా ముందరే చెప్పు.”

సుంకమ్మ ఆయన వైపు చూసింది. ఆమె కళ్లలో కోపం ఉంటే బాగుండునని బయ్యన్న వెతికాడు. ఆమె నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అడిగింది.

“ఇప్పుడు చెప్తే చిన్నదయితాదా అన్నా?”